మొహమాటానికి వాళ్ల మాట

నాలుగు నెలలపాటు నేను ఆడమనిషిలా మాట్లాడాను. ఆ సంగతి తిరుగు ప్రయాణానికి వారం ముందు గాని నాకు తెలియలేదు.

థాయ్‌లో మర్యాదగా మాట్లాడాలంటే వాక్యం చివర ఓ తోక తగిలించాలి. మగవాళ్లయితే "ఖ్రప్", ఆడవాళ్లయితే "ఖా". రోయెత్ ప్రావిన్సులో, పొలాల మధ్య బడిలో, నాకు భాష నేర్పినవాళ్లంతా టీచరమ్మలే. ఉన్నదున్నట్టు పట్టేశాను, "ఖా"తో సహా. హెడ్మాస్టరు గారొక్కరే "ఖ్రప్" అనేవారు. అది హోదాకి దక్కే తోకేమో అనుకున్నాను.

2018 నవంబరులో ఆ బడికి ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లాను. చుట్టూ తుంగ్ కులా రోంగ్‌హాయ్ మైదానం, కోతకొచ్చిన వరి. ఆ బియ్యం పేరు "హోమ్ మలి". మలి అంటే మల్లె. ఖ్రూ అంటే గురువు, ఫాసా అంటే భాష. తెనాలి పక్క పల్లెటూరివాణ్ణి, నాకింకేం కావాలి? అన్నీ మనవేగా అని మొదటి వారమంతా ఛాతీ విరుచుకు తిరిగాను. నల్లబల్ల మీద 2561 అని తేదీ కనిపిస్తే, పాపం పిల్లలు తప్పు రాశారని తుడిచి 2018 వేశాను. మర్నాడు మళ్లీ 2561. మళ్లీ తుడిచాను. అది బుద్ధ శకమని, దేశమంతా వాడేది అదేనని ఒక్కరూ చెప్పలేదు. నవ్వి ఊరుకున్నారు. పిల్లలు స్కూల్‌ని "సకూన్" అంటే నేనూ నవ్వాను, "ఇస్కూలు" అంటూ పెరిగినవాణ్ణి.

పాఠం అయ్యాక రోజూ అడిగేవాణ్ణి, "ఎనీ డౌట్స్?" అని. పిల్లలంతా లేచి, ఒక్క గొంతుతో "థాంక్యూ టీచర్" అనేవారు. ఒక్కరికీ సందేహం లేదంటే మన బోధన అలాంటిది మరి! ఆఖరి వారంలో ఓ రోజు పాఠం మధ్యలో అలవాటుగా ఆ మాట అన్నాను. అందరూ లేచారు, థాంక్యూ చెప్పారు, సంచులు తగిలించుకుని బయటికి నడిచారు. నాలుగు నెలలుగా వాళ్ల లెక్కలో "ఎనీ డౌట్స్" అంటే బడి వదిలినట్టు.

"ఖా" గుట్టు బయటపెట్టింది రెండో తరగతి బుడ్డోడు. ఈ టీచరు మగా, ఆడా అని వంటావిణ్ణి అడిగాడట. ఇంగ్లిష్ టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాకు తర్జుమా చేసింది. ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగితే "క్రేంగ్ జై" అంది. జై అంటే మనసు. ఎదుటివాళ్ల మనసు నొచ్చుకుంటుందేమోనని జంకడమట. ఇంగ్లిష్‌లో దాన్నేమంటారని నన్నే అడిగింది. ఇంగ్లిష్ పంతులికి మాట దొరకలేదు. తెలుగులో మాత్రం నాలుక చివరే ఉంది.

మా ఇంట్లో మారు వడ్డిస్తామంటే మూడోసారికి గాని విస్తరి మీంచి చెయ్యి తియ్యం. అలాంటి కొంపలో పుట్టి ఆ నవ్వుల్ని గుర్తుపట్టలేకపోయాను. మొహమాటానికి పోతే కడుపైందని సామెత. ఇక్కడ మొహమాటం వాళ్లది, ఆడదాన్నయింది నేను.

చివరిరోజు బడి హాల్లో "బాయ్ సీ" జరిపారు. అరటాకులు చుట్టి గోపురంలా కట్టి మధ్యలో పెట్టారు. మనిషి ఒంట్లో ముప్ఫై రెండు ఖ్వాన్‌లు, అంటే ప్రాణాల్లాంటివి, ఉంటాయట. ఊరు దాటేవాణ్ణి వదిలి అవి చెదిరిపోకుండా పిలిచి, తెల్లదారంతో మణికట్టుకి కట్టేస్తారు. నా అరచేతిలో ఉడికించిన గుడ్డు, జిగురన్నం ముద్ద పెట్టారు. పిల్లలు వరసగా వచ్చి ముడులు వేశారు, ఏదో గొణుక్కుంటూ. ఒక చిన్నపిల్ల మాత్రం ఇంగ్లిష్‌లో వీడ్కోలు చెప్పాలని కాసేపు తడుముకుని, "ఎనీ డౌట్స్, టీచర్" అంది.

మంత్రం చదివిన పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, మూడు వేళ్లు చూపించి ఏదో చెప్పాడు. అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను.

ఆ రాత్రి స్నానం చేస్తే దారాలన్నీ తడిసి, అంటిన అన్నం మెతుకులతో చెయ్యి చిరచిరలాడింది. గోళ్లు తీసుకునేదానితో టకటకా కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను. వరలక్ష్మీవ్రతం తోరాన్ని మా అమ్మ ముడి విప్పి చెట్టు మొదట్లో వేస్తుందే గాని కత్తెర తగలనివ్వదు. అది చూస్తూ పెరిగిన చేతులే ఇవీ. మూడు వేళ్లంటే మూడు రోజులని బ్యాంకాక్ వెళ్లాక తెలిసింది.

తెల్లారి వంటావిడ దారిలో తినమని జిగురన్నం పొట్లం తెచ్చింది. ఇస్తూ నా చేతుల వంక చూసింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత నవ్వి, నా వాచీ చూపించి చాలా బాగుందంది.

"ఖోప్ ఖున్ ఖా" అన్నాను.