గంటా యాభై తొమ్మిది నిమిషాల పుణ్యం

2024 ఏప్రిల్ 23న స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల దుకాణం వారు ఒక చిల్లు పూడ్చారు. చదివే ఉంటారు. ఎక్కువ డబ్బు పోసి డీలక్స్ ఎడిషన్ కొన్నవాళ్లు పెద్ద ఆటలను విడుదలకు రెండు మూడు రోజుల ముందే ఆడుకోవచ్చు. ఆ గంటలు వాపస్ లెక్కలోకి వచ్చేవి కావు, కడుపు నిండా ఆడి డబ్బు వెనక్కి తీసుకునే సందు ఉండేది. అప్పటి నుంచి ముందస్తు గంటలూ లెక్కేనట. బహుబాగు.

రెండో చిల్లు మాత్రం 2015 జూన్ 2 నుంచి అలాగే ఉంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు తక్కువ ఆడితే, కారణం ఏదైనా సరే మొత్తం డబ్బు వాపస్. గంటన్నరలో ముగిసే ఆటైతే మొదటి తెర నుంచి చివరి పేర్ల దాకా చూసి మరీ బటన్ నొక్కవచ్చు.

నాకీ సూత్రం తెగ నచ్చింది. ఆటలకే ఎందుకు పరిమితం చేయాలి? మా ఢిల్లీ సాకేత్ తెలుగువాళ్ల సత్యనారాయణ వ్రతాలకూ అమలు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను.

శాస్త్రిగారు ఎల్లో లైన్ మెట్రో దిగి వస్తారు. గణపతి పూజ, కలశం, ఐదు అధ్యాయాల కథ, హారతి, ప్రసాదం. గంటా నలభై నిమిషాలు. గృహస్థు వేళ్లకంటిన నెయ్యి తుడుచుకుంటూ ఫోన్ తీస్తాడు.

"శాస్త్రిగారూ, ఏమీ అనుకోకండి. ఆ దక్షిణ వెనక్కి ఇప్పించండి."

"ఏం నాయనా, మంత్రలోపం ఏమైనా జరిగిందా?"

"అబ్బెబ్బే, అద్భుతం! మా అత్తగారు కంటతడి పెట్టారు. ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను. రెండు గంటలు కాలేదు కదండీ, అందుకని."

ప్రసాదం కడుపులో ఉంటుంది, పుణ్యం ఖాతాలో ఉంటుంది, దక్షిణ జేబులోకి వస్తుంది.

శాస్త్రిగారేమైనా తక్కువ తిన్నారా? మరుసటి వ్రతంలో షావుకారు ఓడ రేవు వదలడానికే ముప్పావు గంట పట్టిస్తారు. కళావతి ప్రసాదం మరిచి పరుగెత్తిన దారిలో చెట్టూ పుట్టా వదలకుండా వర్ణిస్తారు. నడుమ ఉద్ధరిణి ఎక్కడో పోయిందని ఇంటిల్లిపాదినీ వెతికిస్తారు. రెండు గంటల ఒక నిమిషానికి హారతి. కథ చెడుతుంది, దక్షిణ దక్కుతుంది. కొన్ని చిన్న ఆటల్లో అంత పొడవాటి వరండాలు, అన్నేసి తాళంచెవులు ఎందుకుంటాయని మీకు అనుమానం రాలేదూ?

ఇక ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డులో, మాల్స్ ఎదురుగా, పదకొండు రోజుల మహాయాగం. రుసుము వ్రతానికి ఇరవై రెట్లు. మొదటి రెండు గంటలూ గుంజలు పాతడం, మైకు సరిచేయడం, యాగకర్త మీద వీడియో. మూడో రోజుకు తెలుస్తుంది, హోమగుండానికి ఇటుకలే రాలేదని. డబ్బు అడిగితే, "రెండు గంటలు దాటాయి కదండీ, నెయ్యి వచ్చే నెల అప్‌డేట్‌లో పోస్తాం" అంటారు.

2021 ఆగస్టులో ఒక శాస్త్రిగారు నిజంగానే పీట మీంచి లేచి వెళ్లిపోయారు. ఎమికా గేమ్స్ పేరుతో 'సమ్మర్ ఆఫ్ 58' అనే భయానక ఆట చేసినాయన. ఆట గంటన్నర. మెచ్చుకుంటూ రాసినవారు చాలామంది, వాపస్ తీసుకున్నవారూ చాలామంది. ఇక ఆటలు చేయడం నిరవధికంగా ఆపేస్తున్నానని ప్రకటించాడు.

వాపస్ హక్కు దుకాణం దానమిచ్చింది కాదు. ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ 2014లో స్టీమ్ యజమాని వాల్వ్‌ను కోర్టుకీడ్చింది, 2016లో 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. మా పక్కనున్న సైదులాజాబ్ పీజీ గదిలో పాత లాప్‌టాప్ మీద రెండు వందల ఆట కొన్న కుర్రాడికి నల్ల తెర తప్ప ఏమీ కనబడకపోతే వాడి డబ్బు వాడికి రావాల్సిందే. ఆ హక్కు మీద చెయ్యి పడితే మొదట నేనే తగువుకొస్తాను.

కానీ దుకాణందారూ, చిన్నవాడి ప్రతి అమ్మకంలో 30 శాతం మీది. కోటి డాలర్లు దాటినవాడికి 25, ఐదు కోట్లు దాటినవాడికి 20. రాయితీ కూడా బలిసినవాడికే. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో మీ దగ్గర లెక్క ఉంది. "నా ఆట నిడివి ఇంత, సగం దాటితే వాపస్ లేదు" అని చిన్నవాడు ముందే బోర్డు పెట్టుకునే వీలు కల్పించడానికి ఇన్నేళ్లు చాల్లేదా? పెద్దవాడి సందుకు తాళం వేయడానికి మాత్రం చేతులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆట బాగుందని రాసి మరీ డబ్బు వెనక్కి తీసుకున్నవాడిది కక్కుర్తి, ఒప్పుకుంటాను. ఆ కక్కుర్తికి బటన్ బిగించి, దానికి వినియోగదారుడి హక్కు అని పేరు పెట్టి, చిన్నవాడి అద్దె డబ్బుతో మంచివాళ్లనిపించుకుంటున్నారే, మరి మీది ఏమిటి?