తొలి చీర పొరుగు రాష్ట్రానికే పంపండి

గద్వాల చీరలు ఫోన్లో పెట్టి అమ్మాలనుకుంటున్నారా? మొదటి ఆర్డరు హైదరాబాదుది తీసుకోకండి. తుంగభద్ర దాటి కర్నూలుకో, పడమటికి రాయచూరుకో పంపండి. మన గద్వాల నడిగడ్డ నుంచి పార్సిలు కాస్త దూరం పోతే చాలు, రాష్ట్రం మారిపోతుంది. కష్టమైన లెక్క ముందే చేతికొస్తే సొంత రాష్ట్రం బిల్లు దానంతటదే వస్తుంది. చీరకు జీఎస్టీ 5 శాతం. తెలంగాణలోనైతే కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. హద్దు దాటితే ఆ 5 శాతం మొత్తం ఐజీఎస్టీ. బిల్లు మీద రాష్ట్రం కోడు రాయండి: మనకు 36, ఆంధ్రకు 37, కర్ణాటకకు 29.

చేనేతకు మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. చేతిపని సరుకును నేరుగా బయటి రాష్ట్రానికి అమ్మేవాళ్లు ఏడాదికి 20 లక్షల లోపైతే జీఎస్టీ నంబరు లేకుండానే అమ్ముకోవచ్చు. పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంతైనా ఈ-వే బిల్లు తీయాలి. అంతే. అయినా ఆ మినహాయింపు మీకొద్దు. మరమగ్గం మీద నేసిన చీరను గద్వాల పేరుతో అమ్మేవాళ్లు ఎందరో. నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగునా కలిపి నేసే కుప్పడం పని ఫొటోలో కనపడదు. కర్నూల్లో కొనే ఆమెకు మీరెవరో తెలిసేది బిల్లు మీది నంబరుతోనే. నెలకు రెండు చీరలే అమ్మినా నంబరు తీసుకోండి. నూలుకు, పట్టుకు మీరు కట్టిన పన్ను కూడా అప్పుడే మినహాయించుకోగలరు.

ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షల దాకా నంబరు అక్కర్లేదు, తెలంగాణలో 20 లక్షలే అని కొందరు బాధపడతారు. మొదటి చీరకే నంబరు తీసుకునేవాళ్లకు ఆ బాధే ఉండదు. తక్కువ శాతంతో పన్ను కట్టే కాంపోజిషన్ పథకం వైపు చూడకండి, అది హద్దు దాటి అమ్మనివ్వదు.

అమెజాన్ లాంటి చోట అమ్మితే, నంబరు లేనివాళ్లకు 2023 అక్టోబరు నుంచి సొంత రాష్ట్రంలో మాత్రమే వీలు. నంబరు ఉన్నవాళ్ల అమ్మకం మీద అమెజాన్ లాంటివాళ్లు అర శాతం పట్టుకుంటారు. 2024 జూలై దాకా అది ఒక శాతం. ఆ డబ్బు మీ జీఎస్టీ ఖాతాలో జమవుతుంది, వదిలేయకండి.

రాయచూరు నుంచి మీ కొట్టుకు వచ్చి కొన్నవాళ్లను కూడా ఊరడిగి బిల్లులో రాయండి. రాయకపోతే అది గద్వాల అమ్మకమే. రాస్తే ఐజీఎస్టీ పడి, వాళ్ల రాష్ట్రం వాటా అక్కడికే చేరుతుంది. చీర కట్టుకునే చోటికి ఆ పన్ను పోవడమే న్యాయం. కర్నూల్లో మేనత్తకు అమ్మినా ఇదే పద్ధతి. మొహమాటపడకండి.

మూడు నెలలకోసారి రిటర్ను వేసే వెసులుబాటు ఉంది, అదీ తీసుకోకండి. నెలనెలా 20వ తేదీలోపు వేయండి. ఒక్క చీర కూడా పోని నెలలో సున్నా రిటర్ను వేయాలి. మరిచిపోతే రోజుకు 20 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది.