ఆదివారానికి ముందు ఆరు రోజులు: ఒక గుడి హార్మనీ ఆత్మకథ

నా ఒళ్లు ఒక్కచోట తయారైంది కాదు. నాలో పలికే ఇత్తడి రీడ్లు గుజరాత్‌లోని పాలితానా నుంచి వచ్చాయి. హార్మోనియం రీడ్లకు దేశమంతటా పేరున్న ఊరది. నా టేకు పెట్టెను బిగించింది విజయవాడలో. తిత్తికి మడతలు పెట్టి, అంచులకు తోలు అతికించి, మెట్ల కింద స్ప్రింగులు అమర్చాక, చివర్లో ఒక ముసలాయన నన్ను ముందేసుకుని ఒక్కొక్క రీడునూ శృతి చేశాడు. రీడు కొసన ఆకురాయితో గీస్తే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీస్తే కిందికి దిగుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ గీసినా ఆ రీడు పాడైనట్టే. ఆయన గీసేవాడు, ఊదేవాడు, కళ్లు మూసుకుని వినేవాడు, మళ్లీ గీసేవాడు. ఆయన ఏ దేవుడికి మొక్కేవాడో నేను వినలేదు. కానీ నేను చూసిన మొదటి ప్రార్థన మాత్రం అదే.

మా మూలపురుషుడు పారిస్‌లో పుట్టాడు. 1842లో అలెగ్జాండర్ డెబేన్ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కుతూ, కుర్చీలో కూర్చుని వాయించే పెద్ద పెట్టె. మిషనరీలు దాన్ని ఓడల్లో మన దేశానికి తెచ్చారు. 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ఆ తిత్తిని వెనక్కి మార్చి, ఒక చేత్తో ఊదుతూ ఇంకో చేత్తో వాయించేలా చేశాడు. అప్పటి నుంచి మేం చాప మీదికి దిగాం. భజన గుళ్లోకి, నాటకాల పందిట్లోకి, తాటాకు చర్చిలోకి ఒకేసారి నడిచొచ్చాం.

సంగీతం బాగా తెలిసినవాళ్లకు మా మీద ఒక అభ్యంతరం ఉండేది. మా స్వరాలు స్థిరం. స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకం మాకు పలకదు. ఆ కారణంగానే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని పక్కన పెట్టింది. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. ఆ అభ్యంతరంలో నిజం ఉంది. అయితే నేను చేరిన చోట గమకాల లెక్క కన్నా ముందు తేలాల్సిన లెక్క వేరే ఉంది: అసలు స్వరం మీద వేలు పెట్టే హక్కు ఎవరిది?

నేను చేరింది కృష్ణా డెల్టాలో ఊరికి దక్షిణాన ఉన్న దళితుల పేటలోని క్రైస్తవ గుడికి. 1960లు. పెంకుల కప్పు, పేడ అలికిన నేల, తలుపు పక్కన వేలాడే రైలు పట్టా ముక్క గంట. నన్ను కొన్నది ధనవంతుడు కాదు. కోతల పండుగకి పేట జనం మొదటి పంట తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు: ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అవి వేలం వేశారు. ఆ డబ్బుతో గుడి పాస్టరు అయ్యగారు విజయవాడ వెళ్లి నన్ను తెచ్చారు. కాబట్టి నేను ఎవరి సొత్తూ కాను. కూలికెళ్లి వచ్చిన ప్రతి చేతికీ నాలో వాటా ఉంది.

ఆ వాటా మాట చాలా పెద్దది. ఊళ్లో సంగీతం చెప్పే మాస్టారి అరుగు పేట పిల్లలకు దూరం. కోవెల మండపంలో జరిగే కచేరీని వాళ్లు చెరువు గట్టు మీద నుంచి వినాలి. అదే పిల్లలు గుడిలో నా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. వాళ్ల చేతుల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. అందులో పాటల పైన రాగం పేరూ, తాళం పేరూ అచ్చేసి ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ పిల్లలు మొదట చదివిన మాటల్లో శంకరాభరణం ఒకటి, కాంభోజి ఒకటి.

ఆ పుస్తకానికి పునాది వేసినవాళ్లలో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి 1890 దాకా బతికిన కవి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఛందస్సూ సంగీతమూ నేర్చి, క్రీస్తును నమ్మాక ఆ విద్యను వదిలిపెట్టలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో తెలుగు నేల మీద మొలిచిన కీర్తనలు రాశాడు. ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించుకునే పేదరికం మాకు రాకుండా కాపాడినవాళ్లు ఇలాంటి కవులే. తమకు వచ్చిన విద్యలో శ్రేష్ఠమైనదాన్ని తెచ్చి గుడిలో పెట్టారు. అది పేట పిల్లల నోటికి చేరింది. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద కానుక లేదు.

పుస్తకం ఉంది, పెట్టె ఉంది, నేర్పేవాడు లేడు. ఆ లోటు తీర్చినవాడు పద్యనాటకాల హార్మోనిస్టు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకానికి రాత్రంతా వాయించిన చేతులు అతనివి. కాటిసీను వచ్చేసరికి జాషువా శ్మశానవాటి పద్యాలు అందుకోవడం తెలుగు రంగస్థలానికి అలవాటు. ఆ పద్యాలకు రాగం తీస్తుంటే పందిరి కింద జనం ఏడ్చేవారని అతను చెప్పేవాడు. వినుకొండలో పుట్టిన జాషువా క్రీస్తుచరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినప్పుడు, పేటలో దీపాలు పెట్టించిందీ అతనే.

వానాకాలం నాటకాలు ఉండవు. ఆ నెలల్లో హార్మోనిస్టు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అయ్యగారు అతన్ని పిలిచి గుడి వెనక గది ఇచ్చారు. నెలకింత అని జీతం కట్టి, రోజూ సాయంత్రం పిల్లలకు నేర్పమన్నారు. సంఘ కూటంలో ఒక పెద్దాయన లేచారు.

"అయ్యగారూ, దేవుడి పాటకి కూలేంటండీ? పాడటం ఆరాధన కదా. ఆరాధనకి డబ్బు తీసుకుంటారా ఎవరన్నా?"

అయ్యగారు నెమ్మదిగా అడిగారు. "ఈ గుడి తలుపు చేసిన వడ్రంగికి కూలిచ్చాం కదా పెద్దయ్యా?"

"ఇచ్చాం."

"ఆ తలుపు దేవుడి కోసం కాదా మరి?"

ఆ ఆదివారం ప్రసంగానికి అయ్యగారు నిర్గమకాండం 31వ అధ్యాయం తీశారు. అక్కడ దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది యాజకుడి గురించి కాదు, సేనాని గురించీ కాదు. బెసలేలు అనే పనివాడి గురించి. బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్లు చెక్కే పని, కర్ర చెక్కే పని తెలిసినవాడు. అతనికి తోడు అహోలీయాబు. దేవుడికి గుడారం కావలసి వచ్చినప్పుడు పేరు పెట్టి పిలిచింది కళాకారుణ్ని. "వాళ్లు పని చేసినన్నాళ్లూ తిండి ఎవరు పెట్టారు? జనం తెచ్చిన కానుకలతోనే కదా ఆ గుడారం లేచింది?" అన్నారు అయ్యగారు. ఆ పెద్దాయనే తర్వాతి నెల నుంచి హార్మోనిస్టుకి బియ్యం బస్తా పంపించారు.

నాకు అర్థమైంది ఆ సాయంత్రాల్లోనే. ఆదివారం గుడి నిండా జనం ముందు పాట పలుకుతుంది. అది అందరూ చూసే ఆరాధన. సోమవారం నుంచి శనివారం దాకా అదే పాటను ఒక పిల్ల తప్పు పాడి, మళ్లీ పాడి, నా మీద వేలు జారి, మళ్లీ అందుకుని, గొంతు పట్టేసినా వదలకుండా సాధించేది. ఆ ఆరు రోజులు ఎవరూ చూడరు. దేవుడికి చేరేది ఆ ఆరు రోజులూ కలిసిన ఏడో రోజు. పాట ఆరాధన అయితే సాధన కూడా ఆరాధనే. ఆదివారం పాటను పుచ్చుకునే సంఘం మిగతా ఆరు రోజుల తిండీ, చోటూ, పనిముట్టూ తన బాధ్యత అనుకోవాలి.

మా అయ్యగారికి ఈ చూపు దోర్నకల్ నుంచి వచ్చింది. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్పయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య కూర్చున్న చోటది. అక్కడి కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. కోవెల స్తంభాలూ మసీదు గుమ్మటాలూ ఒకే కప్పు కింద కలిసి నిలబడతాయి. ఇంగ్లండు నుంచి నమూనా తెప్పించుకోకుండా, మన నేలకు అలవాటైన రూపంలో దేవుడి ఇల్లు కట్టవచ్చని ఆ గోడలు చెబుతాయి. అయ్యగారు చిన్నప్పుడు అక్కడ చూసినదాన్ని మా పెంకుటి గుడికి తగినట్టు మలుచుకున్నారు.

క్రిస్మస్ వచ్చిందంటే పేటలోని చేతులన్నిటికీ పని దొరికేది. సినిమా బోర్డులు రాసే పెయింటరుతో బేత్లెహేము తెర గీయించారు. అతను గీసిన పశువుల పాకకి తాటాకు కప్పు, నేల మీద వరిగడ్డి, పక్కన మన ఒంగోలు గిత్త. జ్ఞానులకు జరీ తలపాగాలు. దర్జీ పాత చీరలతో దేవదూతలకు బట్టలు కుట్టాడు. స్త్రీల సమాజం కోలాటం కట్టింది. ఒక ముగ్గురు తంబురా, గుమ్మెట్లు తీసుకుని దావీదు కథను బుర్రకథగా చెప్పారు. వీళ్లలో ప్రతి ఒక్కరికీ అయ్యగారు కవరులో డబ్బు పెట్టి, పేరు చదివి, సంఘం ముందు అందించారు. పెయింటరు క్రైస్తవుడు కాడు. అయినా తెర కింద మూలన సంతకం పెట్టమని అయ్యగారే చెప్పారు.

డప్పు గుడిలోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. వద్దన్నది పైకులం వాళ్లు కాదు, మా పేట పెద్దలే. ఊళ్లో చావుకీ చాటింపుకీ కూలి లేకుండా వెట్టిగా డప్పు కొట్టిన తరం వాళ్లది. క్రీస్తును నమ్ముకున్న రోజు డప్పును దించేసి, ఆ వెట్టినీ దించేశారు. అదే వాయిద్యం మళ్లీ గుడి గుమ్మంలో కనబడితే వాళ్లకు అవమానమే గుర్తొచ్చేది. వాళ్ల నొప్పిని అయ్యగారు తోసెయ్యలేదు. ఏళ్ల తరబడి మాట్లాడుతూ వచ్చారు. చివరికి ఒక మట్టల ఆదివారం, కుర్రాళ్లు గడ్డి మంట వేసి డప్పులు కాచి, ఊరేగింపు ముందు నిలబడ్డారు. వాళ్లలో ఒకడి తాత చేయి చాచి మనవడి డప్పు తీసుకున్నాడు. ఎవరూ ఆజ్ఞాపించకుండా, తనకు ఇష్టమైనవాడి కోసం, తన ఇష్టంతో జీవితంలో మొదటిసారి కొట్టాడు. ఆ దరువుకి నా శృతి కలపడం నా బతుకులో గొప్ప గౌరవం.

ఇప్పుడు గుడి పెద్దదైంది. రెండంతస్తుల కట్టడం, గోడల నిండా స్పీకర్లు, వేదిక మీద కీబోర్డు, ప్యాడ్లు. నా కన్నా ఎన్నో రెట్లు పలికే కీబోర్డును చూస్తే నాకు సంతోషమే. నా మీద నేర్చుకున్న వేళ్ల మనవలే దాన్ని వాయిస్తున్నారు. ఒకడు హైదరాబాదులో రికార్డింగు స్టూడియోలో పనిచేస్తున్నాడు. ఒకమ్మాయి బడిలో సంగీతం చెబుతోంది. నా దిగులు వాయిద్యం మారినందుకు కాదు. లైట్లకూ సౌండుకూ పెట్టే ఖర్చు పెరిగేకొద్దీ మనిషికి పెట్టేది తగ్గిపోతోంది. పండగనాడు కళాకారుణ్ని పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపేస్తే సరిపోతుందనుకుంటున్నారు. శాలువాతో అద్దె కట్టలేరు. పాట ట్రాకు ఫోన్లో దొరుకుతుంది గనుక తబలా కుర్రాణ్ని పిలవడం మానేస్తే, పదేళ్లకు ఆ పేటలో తబలా తెలిసినవాడే ఉండడు.

అందుకే సంఘ పెద్దలకు చెబుతున్నాను. సంఘం లెక్కల పుస్తకంలో కరెంటు బిల్లుకూ సున్నానికీ పద్దు ఉన్నట్టే నేర్పేవాళ్ల జీతానికి ఒక పద్దు రాయండి. వారంలో ఆరు రోజులు తాళం పడి ఉండే హాలును సాయంత్రాలు పిల్లలకు వదలండి. పాట రాసే అమ్మాయిని, బొమ్మ గీసే అబ్బాయిని పాత పాటలాగే, పాత బొమ్మలాగే చెయ్యమని ఒత్తిడి పెట్టకండి. పురుషోత్తమ చౌదరి కీర్తనలు కూడా ఒకప్పుడు కొత్తవే. మీ గుడి మూలన గుడ్డ కప్పిన పెట్టె ఏదైనా ఉంటే ఆదివారం దాకా ఆగకండి, సోమవారమే తెరిచి ఒక బిడ్డ ముందు పెట్టండి.