తాతల నాటి 'హౌ ఆర్ యూ'

ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక స్పోకెన్ ఇంగ్లీష్ గురువుగారు చూపుడువేలు ఆడిస్తూ ప్రత్యక్షం. 'హౌ ఆర్ యూ' అనకండి, అది తాతల నాటిది. 'వాట్సప్' అనండి, అదీ లేటెస్టు! మొదటిదానికి ఎర్ర ఇంటూ, రెండోదానికి పచ్చ టిక్కు. లండన్‌లో, న్యూయార్క్‌లో నిక్షేపంగా బతికున్న 'హౌ ఆర్ యూ'కి అమీర్‌పేటలో పెద్దకర్మ కూడా అయిపోయింది.

ఇంతకీ ఆ లేటెస్టు సరుకు వయసెంతనుకున్నారు? 1940లో బగ్స్ బనీ అనే కార్టూన్ కుందేలు, తుపాకీ పట్టుకొచ్చిన వేటగాడి ముందు తాపీగా క్యారెట్ నములుతూ 'వాట్సప్, డాక్?' అంది. ప్రాణం తీయడానికొచ్చినవాణ్ణి చిన్ననాటి దోస్తులా పలకరించడమే అక్కడి నవ్వంతా. ఆ మాటలోని పొగరు అమెరికాలో చంటిపిల్లలకు కూడా తెలిసింది. మన గురువుగారికి ఇంకా తెలియలేదు. ఆయన శిష్యుడు తెల్లచొక్కా టక్ చేసుకుని ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దావిడతో 'వాట్సప్, మేడమ్?' అంటాడు. లుంగీ మీద టై కట్టినట్టు! ఇదే కుర్రాడు ఊళ్ళో పెదనాన్న ఎదురైతే 'ఏంటి మామా, సంగతులు?' అంటాడా? అనడు. అని బతకడు కూడా.

పోనీ జవాబులైనా నేర్పుతారా అంటే, అదీ లేదు. బ్రిటన్‌లో ఎదురైనవాడు 'ఆల్‌రైట్?' అంటే మనమూ 'ఆల్‌రైట్' అని సాగిపోవాలి. నాకేమైందని అద్దం చూసుకోనక్కర్లేదు. అమెరికా దుకాణంలో బిల్లు కొట్టే పిల్ల 'హౌ ఆర్ యూ టుడే?' అనగానే, కొడుకు దగ్గరికెళ్ళిన నాన్నగారు మోకాళ్ళ నొప్పి దగ్గర మొదలెట్టి షుగరు దాకా వస్తారు. వెనక లైను పెరుగుతూ ఉంటుంది. ఈ మాటలు సమాచారం కోసం కాదు, మనిషికీ మనిషికీ ముడి వేయడానికేనని మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే రాశాడు. నూరేళ్ళు దాటినా ఆ కబురు రీల్స్ దాకా చేరలేదు.

ప్రశ్నల సంగతి మరీ ఘోరం. కాల్ సెంటర్ కుర్రాడు సాయం చేద్దామనే 'వాట్స్ యువర్ ప్రాబ్లమ్?' అంటాడు. వ్యాకరణానికి నూటికి నూరు మార్కులు. అవతల ఫోన్లో వినపడేది మాత్రం 'ఏంటి నీ గోల?' అని. 'యువర్' తీసి 'ది' పెడితే అదే ప్రశ్న మర్యాదగా కూర్చునేది. రిసెప్షన్‌లో 'వాట్ డూ యూ వాంట్?' కథా అంతే. ఎవరు, ఎవరితో, ఎక్కడ అన్న లెక్క ముప్ఫై సెకన్ల వీడియోలో ఇమడదు కాబోలు.

ఈమధ్య ఇంకో ఉపదేశం మొదలైంది: 'ప్లీజ్' అనకండి, ఆత్మవిశ్వాసం లేనట్టుంటుంది! అదే గురువుగారి సెంటర్‌లో ఫీజు బకాయి పెట్టి చూడండి. తెల్లారేసరికి వచ్చే మెసేజ్‌లో రెండు 'కైండ్లీ'లు, మూడు 'ప్లీజ్'లు.