ఐదంగుళాల మూతి

నా మూతి వెడల్పు 127 మిల్లీమీటర్లు. పాత లెక్కలో ఐదంగుళాలు. నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఇత్తడి అంచు, దాని లోపల గరాటు, గరాటు కింద నీళ్లు పట్టే సీసా, చుట్టూ జింకు పూసిన రేకు. సిమెంటు దిమ్మెలో పాతిపెట్టారు గనక ఉన్నచోటి నుంచి కదల్లేను. ఊరు పాకాల. తిరుపతికీ చిత్తూరుకీ నడుమ, ధర్మవరం రైలు దారి చీలే జంక్షను. ఆఫీసువాళ్లు నన్ను రెయిన్‌గేజ్ అంటారు. పల్లెల నుంచి వచ్చే రైతులు వాన కొలిచే డబ్బా అంటారు.

నా రూపానికి సైమన్స్ పేరు పెట్టారు. జార్జ్ జేమ్స్ సైమన్స్ అనే ఇంగ్లండు మనిషి 1860 నుంచి ఊరూరా వాన లెక్కలు రాసేవాళ్లని కూడగట్టాడు. అయినా నా వంశం అంతకన్నా చాలా పాతది. ధాన్యపు కొట్టు ముందర మూరెడు వెడల్పు మూతి ఉన్న కుండం పెట్టి వాన కొలవమని కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. కొట్టు ముందరే పెట్టమన్నందుకు ఆ పుస్తకమంటే నాకు గౌరవం. వాన లెక్క తిండి లెక్కేనని తెలిసినవాళ్లు రాసిన మాట అది.

నా పని చిన్నది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి అటెండరు వచ్చి గరాటు తీసి, సీసాలో నీళ్లని గీతల గ్లాసులోకి వంపి, కంటికి సమంగా పట్టుకుని చూస్తాడు. ఒక మిల్లీమీటరు వానంటే నా సీసాలో చేరేది పన్నెండు పదమూడు మిల్లీలీటర్లు, రెండున్నర చెంచాలు. అదే ఎకరా చేను మీద నాలుగు వేల లీటర్లు. రెండున్నర మిల్లీమీటర్లయినా పడితేనే ఆ రోజుని వాన రోజని రాస్తారు. ఇంకో వింత ఉంది. శుక్రవారం సాయంత్రం కుమ్మరించిన వాన నా పుస్తకంలో శనివారం వాన. ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఒక రోజు, ఏ పొద్దున కొలిస్తే ఆ తేదీకే జమ. శుక్రవారం తడిసి ఇంటికి పోయినవాడికి ఈ సంగతి చెబితే ఒప్పుకోడు.

ఆ వేళకి గేటు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు.

"ఎంత పడిందన్నా?"

"పద్దెనిమిది."

"మా చేన్లో అంత యాడ పడిందన్నా? చెరువు కట్టకి ఆ పక్కంతా తడిసింది, ఈ పక్క దుమ్ము లేస్తా ఉండాది."

"ఈడ పడింది చెప్తా ఉండానబ్బా. నీ చేన్లో డబ్బా లేదు గదా."

ఇద్దరిదీ నిజమే. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వానలు ఇక్కడ ఏటా పడతాయి. ఉరుముల మబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లే, అది నడిచిన దారిలోనే నీళ్లు. నేను చూసేది ఐదంగుళాల ఆకాశం. దాన్ని పట్టుకునే మండలానికంతా లెక్క రాస్తారు, కరువు తేల్చేటప్పుడు ఆ లెక్కనే ముందేసుకుంటారు. అందుకే నా మీద పడే చుక్కల్లో ఒక్కటి కూడా చిందిపోకూడదని నా తపన.

మంచి వాతావరణం అంటే ఏది? ఇంగ్లండులో ఎండ కాస్తే మంచి రోజు. ఇక్కడ మబ్బు పడితే మంచి రోజు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో తిరుపతి రోడ్లు 42, 43 డిగ్రీలకి కాగిన తర్వాత, ఒక సాయంత్రం మబ్బు నల్లగా కమ్ముకుంటే జనం పనులాపి వీధిలోకొచ్చి నిలబడతారు. ఎండాకాలంలో తిరుమల మాడవీధుల్లో చెప్పుల్లేకుండా నడిచే భక్తుల కోసం నేల మీద తెల్లటి కూల్ పెయింట్ వేస్తారు, నీళ్లు చల్లుతారు. కొండ మీద ఊరు 850 మీటర్ల ఎత్తున ఉంది, కింద తిరుపతి 160 దగ్గర. ఆ ఎత్తుకి నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. కొండ మీద వాన ఎంత పడిందో తెలియడానికి తిరుపతివాళ్లకి నాలాంటి డబ్బా అక్కర్లేదు. "కపిలతీర్థంలో నీళ్లు దూకతా ఉండాయా?" అని ఒకర్నొకరు అడుగుతారు, దూకుతుంటే పిల్లల్ని తీసుకుని చూడ్డానికి పోతారు.

పడమటికి పోతే సంగతి మారుతుంది. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరేసరికి ఫ్యాను ఆపేయబుద్ధి పుడుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఆ గట్టు మీది ఊళ్లే. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ 1870 ప్రాంతంలో ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి ఇల్లు కట్టుకున్నాడు, ఆ కొండకి ఆయన పేరే నిలిచిపోయింది. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి తెరిచారు. మందులు లేని కాలంలో పొడి గాలి, ఎండ, విశ్రాంతి, ఇవే వైద్యం. దేశంలో ఎక్కడెక్కడి నుంచో రోగులు ఈ గాలి కోసం వచ్చారు. ఒక ప్రాంతపు గాలి మీద అంత నమ్మకం పెట్టుకున్నారని తలచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్ లాంటి మందులు వచ్చాక, ఇంట్లో ఉండి వాడినా నయమవుతుందని మద్రాసులో 1950ల చివర జరిపిన పరిశోధన తేల్చింది. క్షయ ఉన్నవాళ్లు గాలి వెతుక్కుంటూ ఇల్లు వదలాల్సిన పని తప్పింది.

అందరికీ ఒకే మంచి రోజు ఉంటే నా బతుకు తేలికయ్యేది. మామిడికి డిసెంబరు, జనవరిలో పొడి చలి కావాలి. అప్పుడే పూత వస్తుంది, అప్పుడు వాన పడితే పూత మాడిపోతుంది. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకి పోయే తోతాపురి, ఇక్కడివాళ్ల నోట బెంగళూరా, మొత్తం ఆ రెండు నెలల చేతిలో ఉంటుంది. గానుగ దగ్గర బెల్లం కాచేవాళ్లకి తేమ గాలంటే భయం, దిమ్మె మెత్తబడి నీరు కారుతుంది. పట్టుపురుగులకి వేడి 24, 28 డిగ్రీల నడుమే ఉండాలి, ఇంట్లో పసిబిడ్డని చూసినట్టు చూస్తారు వాటిని. మదనపల్లె టమోటా నాలుగు రోజులు విడవకుండా వాన పడితే చేన్లోనే పగిలి కుళ్లుతుంది. మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవు ఒక్కటే ఎవర్నీ ఏమీ అడగదు, ఎండుగడ్డి తిని కరువుని దాటేస్తుంది. ఆ ఆవంటే నాకు ఎంతో మర్యాద.

ఇక చెనక్కాయ. మెట్ట రైతు జూన్, జూలైలో ఆకాశం చూసేది దీని కోసమే. అతడికి కావలసింది పదును వాన. రాత్రి భోజనాల వేళ మొదలై, ఉరుము లేకుండా, గాలి లేకుండా, తెల్లారేదాకా సన్నగా పడాలి. నేల తాగుతూ ఉండాలి. పొద్దున నాగలి దింపితే మట్టి పెళ్లలు లేకుండా విడిపోవాలి. అలాంటి ఒక రాత్రికి నాలో 40 మిల్లీమీటర్లు చేరతాయి. ఇంకో రోజు మధ్యాహ్నం గంటసేపు బాదేసి, పైమట్టినంతా ఎర్రటి నీళ్లుగా వంకలోకి తోసేసి వెళ్లిపోతుంది. అదీ 40. పుస్తకంలో రెండు అంకెలూ ఒకటే. మొదటి వాన విత్తనం వేయించింది, రెండోది వేసిన విత్తనాన్ని పూడ్చేసింది. ఎంత పడిందో నేను చెప్పగలను, ఎలా పడిందో నా సీసాకి తెలియదు. నా పుట్టుకలో ఉన్న ఈ లోటు నన్ను బాధపెట్టినంతగా ఎండ కూడా బాధపెట్టదు.

1911లో ఏర్పడ్డ చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్‌లో విడిపోయింది, పాకాల తిరుపతి జిల్లాలోకి వచ్చింది. వాన సంగతికొస్తే నేనింకా పాత చిత్తూరు అనే అంటాను. దానికి నైరుతి వానలూ, అక్టోబరు తర్వాత వచ్చే ఈశాన్య వానలూ దాదాపు చెరిసగం. అంటే ఏడాదికి రెండు ఆశలు. బంగాళాఖాతం నుంచి తడిగాలి లోపలికొచ్చి నగరి కొండల్నీ శేషాచలాన్నీ తాకుతుంది. ముక్కు ఆకారంలో ఉండే నగరి కొండ సముద్రం మీద పోయే నావికులకి ఒకప్పుడు గుర్తు. గాలికీ అదే గుర్తని నా ఊహ. పడిన నీళ్లు మూడు దారులు పడతాయి. పాకాల దగ్గరి కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా నేరుగా సముద్రానికి పోతుంది. చిత్తూరు నీవా నది పొన్నైలో, పొన్నై పాలారులో కలిసి తమిళనాడు దాహం తీరుస్తాయి. ఉత్తరపు వాగులు చెయ్యేరు వెంట పెన్నలో చేరతాయి.

2021 నవంబరులో ఆ మూడు దారులూ చాల్లేదు. నా సీసా నిండి బయటి డబ్బాలోకి పొర్లింది, అటెండరు తడిసి ముద్దవుతూ దాన్నీ కొలిచాడు. స్వర్ణముఖి వంతెనల్ని కోసేసింది. రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని కింది ఊళ్లని ఖాళీ చేయించారు. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కడప జిల్లాలో ప్రాణాలు పోయాయి. ఆ రోజులు తలచుకుంటే, వాన కోసం ఎదురుచూసే నా మూతి మీద నాకే భయం వేస్తుంది. ఆ వారంలోనే తిరుపతి శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి నీళ్ల తొట్టి, సిమెంటు ఉంగరాలతో సహా, నేలలోంచి పైకి లేచింది. ఒకామె లోపల దిగి శుభ్రం చేస్తుండగా మొదలైందట. జనం దండం పెట్టడానికి వచ్చారు, యూనివర్సిటీ పంతుళ్లు పరీక్షించడానికి వచ్చారు. చుట్టూ నేల నీళ్లతో నిండిపోయింది, తొట్టి ఖాళీ, అందుకే తేలింది. కారణం తెలిశాక ఆ వింత నాకు ఇంకా పెద్దదిగా కనిపించింది. భూమి నీళ్లతో ఎంత నిండిందో ఆ ఉంగరాలు నా అంకె కన్నా బాగా చెప్పాయి.

చిన్న వింతలూ ఉన్నాయి. ఒకసారి బడిపిల్లవాడు సీసాడు నీళ్లు తెచ్చి నాలో పోశాడు, వాన ఎక్కువ పడితే బడికి సెలవిస్తారని ఎవరో చెప్పారు. ఆకాశంలో చుక్కలు మెరుస్తున్న రాత్రి పడిన ఆ వానని అటెండరు నవ్వుతూ వేపచెట్టుకి పోశాడు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో ఇంకో రకం వింత ఉంది. కింద గ్రానైటు, మీద క్వార్ట్‌జైటు పొరలు, రెంటి నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్లు లేవంటారు భూగర్భ శాస్త్రజ్ఞులు. కోట్లాది ఏళ్ల వానలు పడి, ఆ రాళ్లని అరగదీసి, లెక్క మిగల్చకుండా పోయాయి. ఒక్క రోజు కొలత రాయకపోతేనే తల్లడిల్లే నేను ఆ గీత గురించి విన్నప్పుడల్లా చాలాసేపు ఆలోచిస్తాను.

దగ్గర్లోనే గాదంకి. చుట్టూ కొండలున్న ఆ చోట జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వారి పెద్ద రాడారు ఉంది. 1024 యాంటెన్నాలు నేల మీద బారులు తీరి, తలెత్తి గాలి కదలికల్ని వింటాయి. వానాకాలంలో 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకి ఉరికే జెట్ గాలి వేగాన్ని అవి చెబుతాయి. నాకు ఒక గజం దూరంలో కూడా ఆటోమేటిక్ కేంద్రం పెట్టారు. అది గంట గంటకీ కొలుస్తుంది, అంటే వాన ఎలా పడిందో దానికి తెలుసు. నాకు అసూయ లేదు. నేను చెప్పలేకపోయిన సంగతి చెప్పే తోడు దొరికింది.

నా ఏడాది జూన్ 1న మొదలవుతుంది. నన్నడిగితే అది ఇలా ఉండాలి. జూన్ నెలాఖరులో ఒక రాత్రి పదును వాన, 40 మిల్లీమీటర్లు. విత్తాక ఇరవై రోజులు ఆగి ఇంకోటి. చెనక్కాయ ఊడలు దిగే వేళకి వారానికొక 20. అక్టోబరులో కట్టె పీకి కాయ ఆరేదాకా గట్టి ఎండ. ఆ తర్వాత తూర్పు నుంచి ఒకటో రెండో వాయుగుండాలు, చెరువులు అలుగు పారేంత, కట్టలు నిలిచేంత. డిసెంబరు సగం నుంచి నా సీసా ఎండిపోవాలి, నాకు పని లేకపోయినా మామిడి పూత నిలవాలి. ఏప్రిల్‌లో గాలి లేని జల్లొకటి, పిందె రాలకుండా. మేలో తిరుపతి గంగమ్మ జాతర. వేషాలు కట్టినవాళ్లు ఎండలో వీధులన్నీ తిరిగి, అంబలి తాగి, రంగులు కడుక్కున్నాక, ఆ రాత్రి ఒక 15 మిల్లీమీటర్లు పడితే చాలు. మెట్టలో మొదటి దుక్కి పడుతుంది.