కుప్పం నల్లరాయి కథ

ఇది ఒక రాయి కథ. పుట్టిన ఊరు చిత్తూరు జిల్లా కుప్పం. వయసు సుమారు రెండు వందల కోట్ల ఏళ్లు. భూగర్భం నుంచి తన్నుకొచ్చిన శిలాద్రవం పాత రాళ్ల పగుళ్లలోకి దూరి, అక్కడే చల్లారి గట్టిపడింది. శాస్త్రవేత్తలు దాన్ని డోలరైట్ అంటారు. క్వారీలోనూ ఎగుమతి కాగితాల్లోనూ దాని పేరు బ్లాక్ గ్రానైట్. ఖమ్మం, వరంగల్ వైపు కూడా దీని చుట్టాలున్నాయి. చీమకుర్తిలో బంగారు చుక్కలతో దొరికే గెలాక్సీ రాయి ఇళ్ల గచ్చులకూ వంటింటి గట్లకూ పోతుంది. చుక్క లేని ఈ నలుపు మాత్రం ఎక్కువగా సమాధులకే పోతుంది.

దానికి కారణముంది. నున్నగా మెరుగుపెట్టిన నలుపు మీద ఎక్కడ గీత పడినా తెల్లని బూడిదరంగు తేలుతుంది. అందుకే మనిషి ముఖం చెక్కాలంటే, కళ్లద్దాలూ నుదుటి ముడతలూ కనబడాలంటే ఈ రాయినే కోరుకుంటారు.

క్వారీలో వజ్రపు పూసల తీగతో కోశారు. బ్లాకుగా లారీ ఎక్కింది. ఫ్యాక్టరీలో నీళ్లు చిమ్ముతూ తిరిగే రంపం కింద పలకై, ముతక నుంచి మెత్తన దాకా ఒకదాని తర్వాత ఒకటిగా మార్చిన సానరాళ్ల కింద మెరుపు తేలింది. మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు, 8 అంగుళాల మందం, బరువు సుమారు 340 కిలోలు. ముందూ వెనకా అద్దం, పక్కలు మాత్రం ఉలి దెబ్బల గరుకు. పురుగు పట్టకుండా వేడిచేసి ముద్ర వేసిన చెక్కల పెట్టెలో బిగించి చెన్నై రేవుకు పంపారు. ఓడ దిగింది అమెరికాలోని సవానా రేవులో. అక్కడి నుంచి చేరింది జార్జియా రాష్ట్రంలోని ఎల్బర్టన్‌కు.

ఎల్బర్టన్ తనను తాను ప్రపంచ గ్రానైట్ రాజధానిగా చెప్పుకునే చిన్న పట్టణం. అక్కడి సొంత రాయి నీలిబూడిద రంగుది. నల్లరాయి కావాలంటే మాత్రం చాలావరకు భారతదేశం నుంచే రావాలి. అలా ఈ రాయి ఒక వ్యాపారి ఆవరణలో వరసలో నిలబడింది. వచ్చేవాళ్లంతా ఎవరినో పోగొట్టుకున్నవాళ్లే.

మొదట ఒక కుటుంబం ఈ రాయిని ఎంచుకుంది. బేరం కుదిరింది, అడ్వాన్సు చేతులు మారింది. వారం తిరక్కుండానే ఆ ఇంటి పెద్దకొడుకు మొహం వేలాడేసుకుని వచ్చాడు. శ్మశానవాటికలో తండ్రిని పెట్టిన భాగంలో నిలువు రాయి పెట్టనివ్వరట. నేలకు సమంగా పరిచే పలక మాత్రమే ఒప్పుకుంటారట. అడ్వాన్సులో కొంత పోయింది. స్థలం ఎక్కడ, అక్కడి నిబంధన ఏమిటి అని ముందుగా అడగాల్సిన బాధ్యత వ్యాపారిది కూడా. ఆయన అడగలేదు.

అలాంటి నిబంధన అమెరికాలో అరుదేమీ కాదు. లాస్ ఏంజలెస్ పక్కనున్న గ్లెండేల్‌లో ఫారెస్ట్ లాన్ అనే శ్మశానవాటికను 1917లో చేతికి తీసుకున్న హ్యూబర్ట్ ఈటన్, అక్కడ నిలువు రాళ్లకు బదులు పచ్చికలో కలిసిపోయే పలకలు పరిపించాడు. చూపుకు తోటలా ఉంటుంది, గడ్డి కోసే యంత్రమూ అడ్డం లేకుండా నడుస్తుంది. ఆ పద్ధతి దేశమంతా పాకింది. ఒకే సమాధుల తోటలో ఒక భాగంలో నిలువు రాయికి అనుమతి ఉండి, పక్క భాగంలో లేకపోవచ్చు. ఎత్తు, మందం, రంగు, పునాది అన్నింటికీ కొలతలు రాసిన కాగితం ఒకటి తోట ఆఫీసులో ఉంటుంది. రాయి చూడటానికి వెళ్లేముందు తెచ్చుకోవాల్సింది ఆ కాగితాన్నే.

ఆ కాగితంతోనే ఒక తల్లీ కూతురూ వచ్చారు. గుంటూరు వాళ్లు, అట్లాంటాలో ఉంటున్నారు. తండ్రి ప్రభువునందు నిద్రించి కొన్ని నెలలైంది. కూతురు వ్యాపారితో మాట్లాడుతూ చెప్పిన సంగతులు ఈ రాయి విన్నది.

ఆసుపత్రిలో అర్ధరాత్రి ప్రాణం పోయింది. అంత్యక్రియలు జరిపించే ఏ ఫ్యునరల్ హోమ్‌కు పంపాలని నర్సు అడిగితే ఆ పిల్లకు నోట మాట రాలేదు. గుంటూరులో అయితే సంఘపెద్దలు వచ్చేవారు, పెట్టె ఎవరో ఒకరు తెచ్చేవారు, యూత్ పిల్లలు షామియానా వేసేవారు. ఇక్కడ అన్నింటికీ ఒక ఆఫీసు, ఒక సంతకం. చర్చిలో పరిచయమైన, నర్సుగా పనిచేసే ఆంటీ ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది: “సంతకం పెట్టకు తల్లీ. ముందు జనరల్ ప్రైస్ లిస్ట్ అడుగు. అడిగితే ఇచ్చి తీరాలి.”

నిజంగానే ఇచ్చి తీరాలి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన ఫ్యునరల్ రూల్ 1984 నుంచి అమల్లో ఉంది. మనిషి ఎదురుగా వచ్చి అడిగితే ఒక్కో సేవకు ఒక్కో ధర రాసిన పట్టికను చేతికివ్వాలి, ఇంటికి పట్టుకుపోనివ్వాలి. ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి. పెట్టెలు చూపించేముందు వాటి ధరల పట్టిక చూపించాలి. బయట కొన్న పెట్టెను కాదనకూడదు, దానికి అదనపు రుసుము వసూలు చేయకూడదు. వద్దన్నా తప్పని ఖర్చు ఒక్కటే, ప్రాథమిక సేవల రుసుము. తక్కినవన్నీ ప్యాకేజీలో కలిపి చెప్పినా సరే, కావలసినవే ఏరుకునే హక్కు ఇంటివాళ్లది.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1963లో జెస్సికా మిట్‌ఫోర్డ్ ‘ది అమెరికన్ వే ఆఫ్ డెత్’ అనే పుస్తకంలో అంత్యక్రియల వ్యాపారం గుట్టు విప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఖరీదైన పెట్టెలు ఎలా అంటగడతారో ఉదాహరణలతో సహా రాసింది. దేశం ఉలిక్కిపడింది. చట్టం రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1996లో మిట్‌ఫోర్డ్ పోయినప్పుడు ఆమె అంత్యక్రియలకైన ఖర్చు 533 డాలర్లు. ఇప్పటికీ నిఘా అవసరమే. కమిషన్ సిబ్బంది మామూలు మనుషుల్లా 250కి పైగా ఫ్యునరల్ హోమ్‌లకు ఫోన్ చేసి ధరలు అడిగారు. 2024 జనవరిలో 39 సంస్థలకు హెచ్చరిక లేఖలు వెళ్లాయి.

కూతురు పట్టిక చేతపట్టుకుని కారులో కూర్చుని మరికొన్ని చోట్లకు ఫోన్ చేసింది. ఒకే పనికి ఒక్కో చోట ఒక్కో ధర. భౌతికకాయం పాడవకుండా మందులెక్కించే ఎంబామింగ్ తప్పనిసరి అనుకుంది. అన్ని మరణాలకూ ఎంబామింగ్ చేయాలనే చట్టం అమెరికాలో ఎక్కడా లేదు. ఇండియా నుంచి బాబాయి వచ్చేదాకా శీతల గదిలో ఉంచితే సరిపోయింది. పెట్టె బయట కొన్నారు. కాస్ట్కో లాంటి దుకాణాలు కూడా పెట్టెలు అమ్ముతాయని ఆమెకు అప్పుడే తెలిసింది. 2023లో అమెరికాలో చివరిచూపుతో కూడిన భూస్థాపనకు మధ్యస్థ ఖర్చు 8,300 డాలర్లని ఫ్యునరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం లెక్క. అందులో స్థలం లేదు, రాయి లేదు.

ఆమెతో పనిచేసే హిందూ స్నేహితురాలి ఇంట్లోనూ ఇదే పరీక్ష ఎదురైంది. చూపులూ కార్యక్రమాలూ లేని నేరుగా దహనానికి ఖరీదైన పెట్టె కొనాలని పట్టుబట్టే వీల్లేదు, అట్టపెట్టె లాంటి మామూలు పెట్టె ఇవ్వాలి. కొడుకే దహనపు మీట నొక్కే వీలుందా, పురోహితుడిని రానిస్తారా, ఎంతమందిని లోపలికి రానిస్తారు అన్నవి ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాలి. భౌతికకాయాన్ని ఇండియాకు పంపాలంటే దారి వేరు. అప్పుడు ఎంబామింగ్ ధ్రువపత్రం, మరణ ధ్రువీకరణ పత్రం, కాన్సులేట్ అనుమతి కావాలి. ఆ పని తెలిసిన ఫ్యునరల్ హోమ్‌నే ఎంచుకోవాలి.

ఇంతటి చట్టమూ ఈ రాయి దాకా వచ్చేసరికి ఆగిపోతుంది. ఫ్యునరల్ హోమ్ నడపని శ్మశానవాటికలకు, విడిగా సమాధి రాళ్లు అమ్మేవాళ్లకు ఫ్యునరల్ రూల్ వర్తించదు. రాయి నిలబెట్టే పని తామే చేయాలని పట్టుబట్టిన శ్మశానాలకు వ్యతిరేకంగా 1977లో, 1981లో ఫెడరల్ అప్పీలు కోర్టులు తీర్పులు చెప్పాయి. కానీ ధరల పట్టిక ఇమ్మని రాతి వ్యాపారిని శాసించే ఫెడరల్ నియమం లేదు. అడిగి రాయించుకోవడం ఇంటివాళ్ల పనే. ఒక వెసులుబాటు మాత్రం ఉంది. భూస్థాపనకు తొందర ఉంటుంది, రాయికి ఉండదు. తవ్విన మట్టి సర్దుకోవడానికి ఎలాగూ నెలలు పడుతుంది. అంత్యక్రియల వారంలోనే రాయి కూడా తేల్చేయమని ఎవరైనా తొందరపెడితే లొంగనక్కర్లేదు.

తల్లి రాయి మీద చెయ్యి వేసి నిమిరింది. “ఆయన పక్కన నా పేరుకూ చోటుంచు బాబూ” అంది వ్యాపారితో. ఆయన అలాగేనన్నాడు. కూతురు వెంటనే అడిగింది, తర్వాత తోటలోకే వచ్చి తేదీ చెక్కాలంటే ఎంత అవుతుందని. అదీ కాగితం మీదికెక్కింది. రాయి, కింది దిమ్మ, అక్షరాలు, ముఖచిత్రం, రవాణా, కాంక్రీటు పునాది, నిలబెట్టే కూలి, తోటవాళ్ల రుసుము అన్నీ విడివిడిగా రాయించుకుంది. ఒరిగితే ఎవరు సరిచేస్తారు, ఎన్నేళ్ల వరకు అన్నది కూడా.

నమూనా బొమ్మ వచ్చిన రోజు అసలు చిక్కు బయటపడింది. ఇంగ్లిషు పేరు బాగానే ఉంది. తెలుగు ఒత్తులు అక్షరాల కిందికి దిగకుండా పక్కన విడిగా నిలబడ్డాయి, ఒక చోట పొల్లు కనబడుతోంది. బొమ్మ గీసినవాడికి తెలుగు రాదు, వాడి సాఫ్ట్‌వేర్‌కూ రాదు. తల్లి కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకి చదివింది. “ఇలా చెక్కితే ఆయన పేరు కాదమ్మా ఇది” అంది. ఆ రాత్రే గుంటూరులో పెళ్లిపత్రికలు వేసే డీటీపీ కుర్రాడు మాటలన్నీ సరిగా కూర్చి, ఫాంటుతో పనిలేకుండా గీతల బొమ్మగా మార్చి పంపాడు. సరైన నమూనా మీదనే సంతకం పడింది.

చెక్కే రోజు రాయి ముఖానికి రబ్బరు పలక అంటించారు. యంత్రం గీతల వెంట కోసిన అక్షరాల రబ్బరును సన్న కత్తితో ఊడబెరికారు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు కదా, ప్రతి సున్నా నడుమ బఠాణీ గింజంత రబ్బరు ముక్క మిగలాలి. అదొక్కటి ఎగిరిపోతే సున్నా బదులు గుంట పడుతుంది. పనివాడు ప్రతి ముక్కనూ బొటనవేలితో నొక్కి చూసుకున్నాకే గాలిగొట్టం తెరిచాడు. రాపిడి పొడి జోరుగా వచ్చి తగిలింది. రబ్బరు ఉన్నచోట పొడి తుళ్లిపోయింది, లేనిచోట రాయి తరిగింది. పలక ఒలిచేసరికి నలుపులో తెల్లగా పేరు తేలింది.

ఎర్రమట్టి సర్దుకున్నాక తోటలో పునాది పోశారు. అది ఆరాక దిమ్మ, దిమ్మ మీద ఈ రాయి. ఇంటివాళ్లు ఇప్పుడు చేసే సేవ మంచినీళ్లు, మెత్తటి బ్రష్. యాసిడ్, ఇనుప బ్రష్ వద్దని పనివాడు చెప్పి వెళ్లాడు.

ఈ కథ చదివేవారికి ఒక విన్నపం. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నప్పుడే దగ్గరలోని రెండు మూడు ఫ్యునరల్ హోమ్‌ల ధరల పట్టికలు తెప్పించి ఇన్సూరెన్సు కాగితాలతో పాటు దాచండి. స్థలం కొని ఉంటే దాని నిబంధనల కాగితమూ అక్కడే పెట్టండి. రాయికి సంతకం చేసేముందు పేరూ తేదీలూ తెలుగు బాగా వచ్చిన ఇద్దరి చేత పైకి చదివించండి.