అడవి అంటుకునే కాలంలో వినకూడని సలహాలు

శివరాత్రి దాటితే నల్లమల అడవి ఆకు రాల్చేస్తుంది. టేకు, నల్లమద్ది, చిరుమాను, వెదురు అన్నీ మోళ్లవుతాయి. అడుగు వేస్తే నేల పెళపెళలాడుతుంది. కార్చిచ్చు గురించి తలా ఒక సలహా చెప్పడం కూడా ఆ రోజుల్లోనే మొదలవుతుంది. చెప్పేవాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే చెబుతారు. అయినా నమ్మి నడుచుకుంటే నష్టపోయేది అడవి, ఒక్కోసారి మనుషులు కూడా. అందుకే వీటిని వినకండి అని గట్టిగా చెప్పాలనిపించింది.

మొదటిది, "పోయినేడు వానలు బాగా పడ్డాయి, ఈ వేసవికి భయం లేదు" అనే మాట. వాన బాగా పడితే గడ్డి నడుము ఎత్తున పెరుగుతుంది. సంక్రాంతి తర్వాత ఆ గడ్డంతా ఎండి, అంటుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. మంచి వానాకాలం తర్వాత జాగ్రత్త పెంచాలే తప్ప తగ్గించకూడదు. "మే నెల ఎండలు రానీ, అప్పుడు చూద్దాం" అనేదీ ఇలాంటిదే. మన ఆకురాల్చు అడవుల్లో ముప్పు ఫిబ్రవరి, మార్చిలోనే మొదలవుతుంది. థర్మామీటర్ ఒక్కటే చూస్తే సరిపోదు. గాలిలో తేమ ఎంత పడిపోయింది, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఆఖరి జల్లు పడి ఎన్ని వారాలైంది, ఈ మూడూ కలిపి చూడాలి.

రెండోది ఈమధ్య బాగా పాకిన సలహా. "ఫోన్లో ఉపగ్రహం మ్యాపు చూడు, ఎర్రచుక్క లేకపోతే మంట లేనట్టే." దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మ్యాపు నిజంగా గొప్ప సాధనం. నాసా వారి ఫర్మ్స్ పటాన్ని ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన దేశంలో డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను కనిపెడుతోంది. ఉపగ్రహం పంపిన సమాచారాన్ని హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అందుకుంటుంది. దాన్ని అడవి హద్దుల పటం మీద పెట్టి చూసి, మంట ఏ బీట్‌లో ఉందో ఆ బీట్ సిబ్బందికి ఎస్సెమ్మెస్ పంపుతారు. అటవీశాఖతో సంబంధం లేనివాళ్లు కూడా నంబరు నమోదు చేసుకుని తమ ప్రాంతానికి హెచ్చరికలు తెప్పించుకోవచ్చు. అడవి అంచు ఊళ్లలో చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఈ పని చేసి ఉంచాలి.

కానీ ఆ చుక్కకున్న హద్దులు తెలియకుండా దాన్ని నమ్మడం ప్రమాదం. మంటను బాగా పట్టగల విర్స్ అనే పరికరం ఉన్న ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటి, రెండు గంటల ప్రాంతంలో. మళ్లీ వచ్చేది అర్ధరాత్రి దాటాక అదే వేళకు. సాయంత్రం నాలుగింటికి ఎవరో విసిరిన బీడీ ముక్క అంటుకుంటే, రాత్రి ఒంటిగంట దాకా ఆ మంట వాటి కంట పడదు. పడ్డాక ఆ సమాచారం భూమికి చేరి, లెక్క కట్టి, ఫోనుకు రావడానికి మరికొంత సమయం. మన ఇన్‌శాట్ ఉపగ్రహాలు భూమితో పాటే తిరుగుతూ అరగంటకోసారి చూడగలవు కానీ, వాటి చిత్రంలో ఒక్కో గడి నాలుగు కిలోమీటర్ల మేర ఉంటుంది. చిన్న మంట అందులో కలిసిపోతుంది. మబ్బు అడ్డొస్తే దేనికీ కనబడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. విర్స్ చుక్క అంటే 375 మీటర్ల గడి, మోడిస్ అనే పాత పరికరం చుక్క అంటే కిలోమీటరు గడి. మ్యాపులో చుక్క పెట్టేది ఆ గడి నడిమధ్యన. మంట గడిలో ఏ మూలన ఉందో చుక్క చెప్పదు. వాగుకు ఇవతల చుక్క కనబడితే మంట అవతల ఉండొచ్చు. ఒక్కోసారి అది అడవే కాదు, కోత అయ్యాక చేలో తగలబెట్టిన కొయ్యకాళ్లు కావచ్చు. కాబట్టి చుక్క లేకపోతే నిశ్చింత వద్దు, చుక్క ఉంటే కంగారు వద్దు. వెళ్లి చూడగలిగిన మనిషికి కబురు అందిందా అన్నదే అసలు ప్రశ్న. ఆ కబురు అందించకుండా, మ్యాపు ఫొటో తీసి పది వాట్సాప్ గ్రూపుల్లో వేయడం సాయం కింద లెక్కకు రాదు. మూడేళ్ల కిందటి వీడియోను ఇవాళ్టిదని పంచేవాళ్లు చేసేది ఇంకా పెద్ద కీడు. ఆ పూట సిబ్బంది నిజం మంటను వదిలి లేని మంట కోసం తిరగాల్సి వస్తుంది.

"వెదుళ్లు ఒరుసుకుని అడవి దానంతట అదే అంటుకుంటుంది, మనం చేసేదేముంది?" ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. మన అడవుల్లో మంటలు దాదాపు అన్నీ మనుషుల వల్ల పుట్టేవే. ఈ సంగతి ఒప్పుకుంటేనే ముప్పు ఎప్పుడో ముందే తెలుసుకునే వీలుంటుంది, ఎందుకంటే మనుషుల పనులకు తిథులున్నాయి. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఏరుకోవడం తేలికవుతుందని చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. తునికాకు కోతకు ముందు కొత్త చిగురు కోసం పొదలు కాలుస్తారు. కొత్త గడ్డి కోసం మేకల కాపరులు, తేనె కోసం పొగ పెట్టేవాళ్లు ఉంటారు. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలానికి అడవిదారినే నడుస్తారు, దారిలో వండుకుంటారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. నల్లమలకు సంబంధించి నేను నమ్మే ముప్పు సూచిక ఇదే: పంచాంగాన్నీ వాతావరణ సూచననూ పక్కపక్కన పెట్టుకుని, పొడిగాలి వీచే వారంలో జాతర పడిందా అని చూడటం. పొయ్యి ఆర్పి నీళ్లు చల్లారా అని చూసే మనిషిని ఆ వారం దారి పొడవునా నిలబెడితే, ఆ తర్వాత ఉపగ్రహం చూపించాల్సిన చుక్కలే తగ్గుతాయి.

అయితే మంటలు మనుషుల వల్లే అన్న మాటను పట్టుకుని, నల్లమలలో ఉండే చెంచుల మీదికి నేరం నెట్టేయమనేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పుడు సలహానే. ఏ పెంట (చెంచు గూడెం) దగ్గర గాలి ఎటు తిరుగుతుందో, ఏ చెలమలో ఏప్రిల్ దాకా నీళ్లుంటాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఫైర్ వాచర్లుగా వాళ్లు ముందుంటేనే అడవి నిలుస్తుంది. వాళ్లకు కూలి వేళకు అందాలి, కాళ్లకు మంచి బూట్లుండాలి.

"పెద్ద మంటైతే హెలికాప్టర్లు వస్తాయిలే." 2014 మార్చిలో తిరుమల కొండ చుట్టూ ఉన్న శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు చల్లిన మాట నిజమే. కానీ తిరుమల కొండ ప్రతి అడవిలోనూ లేదు. మిగతాచోట్ల మంటను ఆర్పేది పచ్చి కొమ్మలు, వీపున మోసే బ్లోయర్లు, మంట దాటకుండా జనవరి, ఫిబ్రవరిలోనే ఆకు, గడ్డి తీసి శుభ్రం చేసి ఉంచిన ఫైర్ లైన్లు. మీ ఊరి పక్క ఫైర్ లైను ఈ ఏడు గీశారా అని రేంజి ఆఫీసులో అడగండి. అది అడగదగ్గ ప్రశ్న.

చివరిది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. "మంట కనబడితే కొండెక్కెయ్, పైనుంచి అంతా కనబడుతుంది." మంట ఎగువకు పాకినంత వేగంగా దిగువకు పాకదు. తన వేడితోనే పైనున్న గడ్డిని ముందే ఎండబెట్టుకుంటూ ఎక్కుతుంది. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల మీద ఎండుగడ్డి వాలులో ట్రెక్కింగ్ బృందాలు చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. అలాంటి చోట పైకి పరుగెత్తకూడదు. మంటకు పక్కగా జరుగుతూ దిగువకు రావాలి. అప్పటికే కాలిపోయి చల్లారిన నేల, గడ్డిలేని బండ, వాగు, తారు రోడ్డు ఏది దగ్గరైతే అక్కడికి చేరాలి. పొడిగాలి రోజుల్లో గడ్డి కొండల మీదికి వెళ్లకపోతే ఇంకా మంచిది. ఆ రోజు ఆ దారి తెరిచి ఉందో లేదో అటవీశాఖను అడగడానికి ఒక్క ఫోను చాలు.

రోడ్డు మీద వెళ్తూ పొగ చూస్తే, అటవీశాఖకు ఫోను చేసేటప్పుడు "అడవిలో మంట ఉంది" అని ఊరుకోకండి. శ్రీశైలం రోడ్డులో అయితే మన్ననూరు దాటాక ఎన్నో కిలోమీటరు రాయి, రోడ్డుకు ఏ పక్క, పొగ తెల్లగా ఉందా నల్లగా ఉందా, గాలి ఎటు వీస్తోంది, దగ్గర్లో గూడెం ఉందా, ఇవి చెప్పండి.

రాత్రి తొమ్మిది దాటితే హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు దగ్గర, దోమలపెంట దగ్గర మూసేస్తారు. ఆ తర్వాత అడవి దారిన చూసేవాళ్లు ఉండరు. కాబట్టి సాయంత్రం ఆఖరి బండ్లలో వెళ్లేవాళ్లు పొగ కనబడితే చెక్‌పోస్టు దగ్గర ఒక్క నిమిషం ఆగి చెప్పి వెళ్లండి.